కీచురాయి పడేముందు

ఎలుక కదల్లేదు.

దాని నెత్తిన నీలి వెలుతురు వెలుగుతోంది. పుర్రెలో దింపిన సన్నటి గాజుతీగ గుండా ఆ వెలుతురు మెదడులో ఆవగింజలో సగమైనా లేని ఒక చోటికి పోతోంది. ఆ చోట వెలుతురు పడితే ఎలుక వేటకి లేస్తుందని, ఎదురుగా ఏముంటే దాని మీదికి ఉరికి మెడ కొరుకుతుందని ఆ ప్రయోగశాల కొన్నేళ్ళుగా లోకానికి చెబుతోంది. ఎదురుగా కీచురాయి ఉంది. వెనక కాళ్ళు తీసేసిన కీచురాయి. ఎగరలేక, మీసాలు ఊపుతూ గాజుపెట్టె నేలమీద ఈడ్చుకుంటోంది. ఎలుక దాన్ని చూసింది. చూసి, ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంది.

"చూశావా అక్కా," అంది కొత్తపిల్ల.

సిమెంటక్క స్టూలు మీంచి లేవలేదు. ఎలుక పుర్రెకి గాజుతీగని పళ్ళడాక్టర్లు వాడే సిమెంటుతో అతికించే పని ఆమెది. పేరు అట్లా వచ్చింది. ఊపిరి బిగబట్టి, సూది మొనతో సిమెంటు ముద్ద పెట్టి, అది గట్టిపడేదాకా వేలు వణక్కుండా ఉండగలదు. ఆమె అతికించిన తీగ ఊడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"ఎవరైనా తిండి పెట్టారేమో దీనికి."

"నిన్నట్నించి ఏం లేదు. పట్టుకుని చూడు, పక్కటెముకలు తగుల్తాయి."

"అయితే నీ కంబళి కంపు పడలేదేమో."

"అది మా అమ్మ కంబళి. నాకే పడదు," అని కొత్తపిల్ల నవ్వింది.

లేజరు పెట్టె ముందర అగ్గిపెట్టెంత షట్టరు ఉంటుంది. కాలికింద పెడల్ తొక్కితే దాని ఇనుపరెక్క టక్కుమని తెరుచుకుని వెలుతురు తీగలోకి పోతుంది. తొక్కిన మరుక్షణం పైనుంచి గొట్టంలో కీచురాయి జారి పడుతుంది. కొత్తపిల్ల ఆ షట్టరుకి స్పాంజి ముక్కలు చుట్టి, పైన ముదురాకుపచ్చ కంబళి కప్పింది. చప్పుడు చచ్చిపోయింది. ఎలుకలో వేట కూడా దాంతోపాటే చచ్చిపోయింది.

"ఇప్పుడు చూడు." కంబళి తీసేసింది. స్పాంజి ఊడదీసింది. ఎలుక నెత్తిమీది తీగని కూడా ఊడదీసి బల్లమీద పడేసింది. ఇంక ఎలుకకీ దీపానికీ సంబంధం లేదు. కాలు ఆనించి పెడల్ తొక్కింది.

టక్.

బల్లమీద పడేసిన తీగ కొసన నీలిచుక్క ఒకటి వెలిగింది. ఎలుక చెవులు లేచాయి. తోక బిగిసింది. ఒక్క గెంతులో కీచురాయిని రెండు చేతులా పట్టుకుని తల కొరికేసింది. నిదానంగా, చక్కగా, సినిమా తీసి వేదికల మీద చూపించే వేట లాగానే కొరికింది.

సిమెంటక్క చాలాసేపు ఆ నమిలే చప్పుడు విన్నది.

"పోల్చి చూడ్డానికి పెట్టిన ఎలుకలున్నాయిగా? అవి వేటాడలేదు కదా?"

"వాటికి దీపం వెయ్యం. దీపం వెయ్యం కాబట్టి పెడలూ తొక్కం. వాటి కీచురాయిని చేత్తో వేస్తాం. అవి పుట్టి బుద్ధెరిగాక ఈ చప్పుడు విన్లేదక్కా."

దీపం లేనప్పుడు పెడల్ తొక్కడం దేనికని మొదట్లో ఎవరో అనుకున్నారు. తర్వాత వచ్చినవాళ్ళంతా అట్లాగే చేశారు. అలాంటి చోట్ల తప్పుని ఎవరూ కనరు, అందరూ కలిసి పెంచుతారు. సిమెంటక్క థీసిస్ మొత్తం ఆ తప్పు మీద నిలబడి ఉంది. ఇక ప్రయోగశాల నడిపే సారు సంతకమే మిగిలింది. ఈ వారం చివర డబ్బిచ్చే సంస్థ పెద్దలు వచ్చి వేట చూసి వెళ్ళాక పెడతానన్నాడు.

"ఇంకెవరికి చెప్పావు?"

"సారుకి. పొద్దున్నే."

"ఏమన్నారు?"

"మంచి ప్రశ్నేనమ్మా అన్నారు. ఈసారి ఏరుడు కుర్చీలో నువ్వు కూర్చో అన్నారు."

పక్క గదిలో కీచురాళ్ళ పెట్టె అప్పటిదాకా రొద పెడుతోంది. ఉన్నట్టుండి ఊరుకుంది. నడవాలో అడుగుల చప్పుడు వింటే అవి అట్లా ఊరుకుంటాయి. సారు వస్తున్నాడు. కొత్తపిల్ల కంబళి మడత పెట్టసాగింది.

*

ఏరుడు అంటే పనిలో తప్పులు ఏరడం. వారానికొకరు బల్ల చివరి కుర్చీలో కూర్చుంటారు. మిగతావాళ్ళు వరసగా ఆ మనిషి పనిలో లోపం చెప్పాలి. సారు చేతిలో బాల్‌పెన్ను ఉంటుంది. మీట టక్కుమంటే ఒకరిది అయిపోయినట్టు, రెండోవారు అందుకోవాలి. లోపం లేదనడానికి వీల్లేదు. లోపం కనపడలేదంటే కళ్ళు లేనట్టేనంటాడు సారు. విజ్ఞానం ఇట్లాగే పెరుగుతుందని కూడా అంటాడు. అది నిజం కావచ్చు. ఆ కుర్చీలో కూర్చుని లేచినవాళ్ళు మాత్రం నెలకింత తగ్గుతూ పోయారు.

ఏరుడు ముందురోజు సారు సిమెంటక్కని గదికి పిలిచాడు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. టీ తెప్పించాడు. కప్పు తానే ముందుకి జరిపాడు.

"సార్, ఆ షట్టరు..."

"చప్పుడు సంగతేగా," అన్నాడు ఆయనే. "ఆ పిల్ల చెప్పింది అబద్ధమని నేననను. సగం ఉడికిన మాట. ఇంటికి పెద్దలొచ్చే పూట సగం ఉడికింది వడ్డిస్తామా?"

"వాళ్ళొచ్చేలోపు పోల్చే ఎలుకలకి కూడా చప్పుడు వినిపించి..."

"నీ థీసిస్ చదివానమ్మా. శుభ్రంగా ఉంది, నీ చేతిపని లాగే." కాయితాల కట్ట మీద అరచెయ్యి పెట్టి మెల్లిగా రుద్దాడు. "ఆ పిల్ల మాటే నిలబడిందనుకో. ఇందులో నీకంటూ ఏం మిగుల్తుందో చూసుకున్నావా?"

సిమెంటక్క చూసుకుంది. ముందుమాట మిగులుతుంది. సిమెంటు కలిపే పద్ధతి మిగులుతుంది.

"రేపు నువ్వే మొదలుపెట్టు. నీ మాటకి బరువుంటుంది. ఉన్న లోపమే చెప్పు. నేనెప్పుడైనా ఎవర్నైనా అబద్ధం చెప్పమన్నానా?"

అనలేదు. అదే ఆయన గొప్ప.

*

కొత్తపిల్ల చివరి కుర్చీలో కూర్చుంది. కంబళి ఒళ్ళో పెట్టుకుంది. చూపించాలనుకుంది కాబోలు. చూపించమని ఎవరూ అడగలేదు.

సారు కిటికీ వైపు చూస్తున్నాడు. టక్.

సిమెంటక్కకి ఏమీ అనాలని లేదు. ఊరుకుందామనే వచ్చింది. తలనొప్పని చెప్పి లేచిపోదామని మెట్ల దగ్గరే మాటలు సిద్ధం చేసుకుంది. అయినా ఆ చప్పుడికి నోరు తెరుచుకుంది.

"ఒకసారి బోను మూత సరిగ్గా పెట్టలేదు."

నిజమే. పెట్టలేదు. ఆ గదిలో ఒకసారైనా మూత మరవనివాళ్ళు ఎవరూ లేరు.

టక్.

బండోడి వంతు. లావుగా ఉంటాడని ఆ పేరు. వాడే పెట్టుకున్నాడు, ఇంకొకరు పెట్టకముందే. ప్రయోగశాలలో కొత్తపిల్లతో కలిసి డబ్బా పంచుకుని తినేవాడు వాడొక్కడే. "ఎలుకల్ని తోక చివర పట్టుకుని ఎత్తుతుంది. అవి బెదురుతాయి," అన్నాడు. అని, తానన్న మాట తానే విన్నవాడిలా నోరు మూసుకున్నాడు.

టక్. "ఆలస్యంగా వస్తుంది." టక్. "అడక్కుండా సామాన్లు తాకుతుంది." టక్. "ఆమె ముట్టుకున్న ఎలుకలు వేటాడ్డం మానేశాయి." ఈ చివరి మాట ఎవరన్నారో తర్వాత ఎవరికీ గుర్తులేదు. మొదట సన్నగా ఉన్న గొంతులు వంతు వంతుకీ గట్టిపడ్డాయి. చివరికొచ్చేసరికి ఒకరి వంతులో ఇంకొకరు అందుకుంటున్నారు. సారు ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు. గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా ఆ పిల్లని ముక్కలు చేశారు. ఒక్కళ్ళూ అబద్ధం చెప్పలేదు.

"చప్పుడు సంగతి ఎవరూ మాట్లాడరేం?" అంది కొత్తపిల్ల.

"ముందు మన ఎలుకలు నీ చేతిలో పాడయ్యాయి కదమ్మా," అన్నాడు సారు, జాలిగా. "పాడైన జంతువు చెప్పింది సాక్ష్యమెట్లా అవుతుంది? ఈ వారంతో నీ సీటు ఖాళీ చేద్దువుగాని. నీకు వేరే చోట బావుంటుంది."

ఆ పిల్ల లేచి కంబళి చంకలో పెట్టుకుని నడిచింది. తలుపు దగ్గర ఆగింది గాని వెనక్కి తిరగలేదు.

*

"అన్నం చల్లారిపోతోంది," అంది వదిన.

వదిన బట్టలు కుడుతుంది. ముందుగదిలో మిషను, దాని చుట్టూ జాకెట్టు ముక్కలు, పొయ్యి దగ్గరికి పోవాలంటే వాటిని దాటి పోవాలి. అన్న పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఈ వదినా ఆడపడుచులిద్దరే ఇంట్లో.

"ఆకలి లేదొదినా."

"ఎలుకల్ని మాడ్చీ మాడ్చీ నీకూ అలవాటైనట్టుంది. బోనులో పడ్డ ఎలుకని జనం చంపుతారు, లేపోతే వదిలేస్తారు. దానికి దీపంపెట్టి మళ్ళీ వేట నేర్పేదానివి నువ్వొక్కదానివే."

సిమెంటక్క నవ్వలేదు. వదిన సూదిలో దారం ఎక్కిస్తూ కనుకొనల నుంచి చూసింది. పళ్ళతో దారం తెంపింది.

"ఏం జరిగింది?"

చెప్పింది. షట్టరు, కంబళి, కుర్చీ, మూత. చెబుతుంటే చాలా చిన్న సంగతిలా వినపడింది.

"మూత పెట్టకపోవడం నిజమేనా?"

"నిజమే."

"నిజమే చెప్పావుగా. మరి అన్నం ఎందుకు తినవు?"

సిమెంటక్క పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. వదిన మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. పెడల్ మీద కాలు ఆనగానే సూది దిగింది. సిమెంటక్క చటుక్కున తలెత్తింది. ఎందుకెత్తిందో తెలిసి, పళ్ళెం పక్కకి నెట్టింది.

"సంతకం అయిపోతే ఉద్యోగం వస్తుందొదినా. ఇన్నేళ్ళు దానికోసమేగా చదివింది. పోతే మొత్తం పోతుంది."

"పోనియ్యమని నేనన్నానా? నీ ఇష్టం." వదిన గుడ్డని తిప్పి పట్టుకుంది. "నేను మటుకు కొలత తప్పిన జాకెట్టు ఇస్త్రీ చేసి ఇవ్వను. వేసుకున్నప్పుడు చంకలో పిగిలిపోద్ది, తిట్లు నాకే."

*

పెద్దలు వచ్చే ముందురోజు సిమెంటక్కా బండోడూ కీచురాళ్ళని సిద్ధం చేస్తున్నారు. పెట్టెలో గుడ్ల అట్టలు నిలబెట్టి ఉంటాయి. వాటి మడతల్లో కీచురాళ్ళు దాక్కుంటాయి. అట్ట దులిపితే గిన్నెలో పడతాయి. ఒక్కోదాన్ని బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని, వెనక తొడ మొదట్లో చిమ్టాతో నొక్కితే కాలు దానంతటదే ఊడి వస్తుంది. కీచురాయి దాన్ని వదిలేసుకుంటుంది. పారిపోవడానికి అది వాడే ఉపాయాన్నే వాళ్ళు వాడుకుంటారు. కాళ్ళు ఒక మూతలో, కీచురాళ్ళు ఇంకో గిన్నెలో.

"అక్కా, నేనెందుకన్నానో నాకే తెలీదు," అన్నాడు బండోడు చిమ్టా ఆపి. "తోక అట్లా పట్టుకోవడం ఆ పిల్లకి నేర్పిందే నేను."

"పని చెయ్యి."

"అనకుండా ఉందామనే కూర్చున్నా. టక్ మన్నాడు. నోట్లోంచి వచ్చేసింది. నీకూ అంతేనా?"

 చేతిలో కీచురాయి మీసాలు ఆమె గోటిని తడుముతున్నాయి. దాన్ని కాళ్ళు తీయకుండానే గిన్నెలో వేసేసింది. అది ఎగిరి బల్లకిందికి పోయింది. బండోడు దాన్ని వెతకలేదు.

కొత్తపిల్ల తన బల్ల ఖాళీ చేసుకుంటోంది. సొరుగులో కలాలూ, నీళ్ళ సీసా, కంబళి సంచిలో వేసుకుంది. పోతూ ఎలుకల గదిలోకి తొంగి చూసింది. ఒక బోను దగ్గరికి వెళ్ళి మూత ఎత్తి, మళ్ళీ పెట్టి, నాలుగు మూలలా అరచేత్తో అదిమింది.

"మూత సరిగ్గానే పెట్టానక్కా. ఒకసారి చూసుకో."

సిమెంటక్క నిజంగానే లేచి వెళ్ళి చూసింది. చూశాక గానీ సిగ్గనిపించలేదు. అప్పటికి ఆ పిల్ల నడవా దాటిపోయింది.

కీచురాళ్ళు ఊరుకున్నాయి. సారు లోపలికొచ్చాడు, వేళ్ళ మధ్య పెన్ను తిప్పుతూ, అలవాటుగా మీట నొక్కుతూ. బోనుల్లో ఎలుకలు గోడలవెంట పరుగెత్తడం మొదలుపెట్టాయి.

"చూశారా? నేనొస్తే గుర్తుపడతాయి," అన్నాడు మురిపెంగా. "ఇంక రేపటిదాకా వీటికి గింజ కూడా వద్దు. ఆకలి మీద ఉండాలి. తీగ పెట్టేదీ, పెడల్ తొక్కేదీ నువ్వేనమ్మా. నీ చెయ్యైతే నాకు బెంగుండదు. అయ్యాక సంతకం పెట్టించుకుని వెళ్ళు, కాయితాలు బల్లమీదే పెట్టిస్తాను."

*

ఏరుడు జరిగే గదిలోనే వేట ఏర్పాటు చేశారు. పొడుగుబల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డమీద గాజుపెట్టె, పక్కన లేజరు. పెద్దలు ముగ్గురు. అందులో ఒక తెల్లజుట్టావిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ముందుకి వంగి కూర్చుంది. ప్రయోగశాల వాళ్ళంతా గోడ వైపు వరసగా కూర్చున్నారు. చివరి కుర్చీ ఖాళీగా ఉంది. సారు ముందు సిమెంటక్క థీసిస్ కట్ట, దానిమీద మూత తీసిన ఇంకుపెన్ను. చేతిలో ఎప్పటి బాల్‌పెన్ను.

సిమెంటక్క ఎలుకని బయటికి తీసింది. అరచేతిలో దాని గుండె వేళ్ళకి తగిలేంత గట్టిగా కొట్టుకుంటోంది. చిక్కిపోయింది. నెత్తిమీద తాను పెట్టిన సిమెంటు గట్టు నున్నగా, గోరంత కూడా పగలకుండా ఉంది. ఇంత బాగా చేసిన పని తన బతుకులో ఇంకోటి లేదు. తీగ కొస పట్టుకుని ఆ గట్టు దాకా తెచ్చింది. ఇంకో వెంట్రుకంత దూరంలో ఆగింది.

సారు మాట్లాడుతున్నాడు. మెదడులో వేట ఎక్కడ పుడుతుందో, దాన్ని దీపంతో ఎట్లా లేపవచ్చో, మనిషిలో కోపానికి రేపు ఇదే మందు ఎట్లా అవుతుందో. చక్కగా చెబుతాడు. పెద్దలు తల ఊపుతున్నారు.

సిమెంటక్క ఎలుకని గాజుపెట్టెలో వదిలింది. తీగ కొసని తెల్లగుడ్డ మీద పడుకోబెట్టింది. ఎవరికీ కనపడకుండా ఏమీ దాచలేదు. అందరి ఎదుటే పెట్టింది. ఎవరూ చూడలేదు, ఎలుకని చూస్తున్నారు.

సారు ఆమె వైపు తిరిగి తల ఊపాడు. ఆమె పెడల్ తొక్కింది.

టక్.

కీచురాయి పడింది. ఎలుక ఉరికింది. పట్టుకుంది, కొరికింది. పెద్దల్లో ఇద్దరు చప్పట్లు కొట్టారు. సారు మొహం వెలిగింది.

"అది ఏమిటండీ?" అంది తెల్లజుట్టావిడ. "ఆ గుడ్డమీద నీలంగా చుక్క?"

సారు చూశాడు. అందరూ చూశారు. తెల్లగుడ్డ మీద నీలిచుక్క, కుంకుడు గింజంత, ఎవరికీ అక్కర్లేకుండా వెలుగుతోంది.

"దీపం అండీ," అంది సిమెంటక్క. "ఎలుకకి తగిలించలేదు."

"మరి ఎట్లా పట్టింది?"

"చప్పుడు విని. చప్పుడైతే తిండి పడుతుందని దానికి తెలుసు. మొదట్నించీ అంతే. మొన్న ఈ గదిలోంచి పంపేసిన పిల్ల కనిపెట్టింది ఇది. మా పోల్చే ఎలుకలకి ఆ చప్పుడు మేం ఎప్పుడూ వినిపించలేదు."

ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు.  

సారు చిన్నగా నవ్వాడు. థీసిస్ మీది ఇంకుపెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "పని ఒత్తిడండీ. పిల్లలు అలిసిపోతారు. మా దగ్గర ఒక పద్ధతుంది, మీరూ చూడండి. ఎవరి పనినైనా అందరం కలిసి నిర్మొహమాటంగా పరీక్షిస్తాం." చివరి కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. "కూర్చోమ్మా."

సిమెంటక్క వెళ్ళి కూర్చుంది. ఆ కుర్చీలోంచి చూస్తే గోడ వైపు వరస మొత్తం కనపడుతుంది. ప్రతి మొహమూ తనవైపే ఉంది. వాళ్ళకి తన తప్పులు తెలుసు. ఉన్నవే చెబుతారు, చాలినన్ని ఉన్నాయి. ఒళ్ళో పెట్టుకోవడానికి కంబళి కూడా లేదు. మొదటివాడు బండోడు. వాడి ఛాతీ పైకి లేవడం చూసి ఆమె పళ్ళు బిగించింది.

టక్.

బండోడు పీల్చిన గాలి పీల్చినట్టే ఉంది. వాడి పెదవులు విడివడ్డాయి. కళ్ళు ఆమె మీంచి జారి, గుడ్డమీద ఇందాక నీలిచుక్క వెలిగిన చోట ఆగాయి. నోరు మూసుకున్నాడు. గాలి ముక్కులోంచి మెల్లిగా వదిలాడు.

 సారు వాడిని వదిలేసి పక్క మనిషి వైపు తిరిగాడు.

టక్.

ఆ మనిషి తన గోళ్ళు చూసుకుంటోంది. ఆ తర్వాతివాడు చొక్కా గుండీ తడుముకుంటున్నాడు. గది వెలుపల కీచురాళ్ళు అరుస్తున్నాయి. తెల్లజుట్టావిడ అద్దాలు పెట్టుకుని, సారు చేతి వైపు చూడసాగింది.

"చెప్పండి," అన్నాడు సారు. మొదటిసారి ఆ గొంతు కొంచెం పెరిగింది. బొటనవేలితో మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

ఎవరూ కదల్లేదు. గాజుపెట్టెలో ఎలుక మాత్రం చెవులు నిక్కబొడుచుకుని పైకి లేచి, గొట్టం కింద అటూ ఇటూ పరుగెత్తి, ఏమీ పడకపోయేసరికి, పెన్ను ఉన్న వైపు గాజుని కొరకడం మొదలుపెట్టింది.